ఉప్పుగాలికి నిలిచే ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్: విశాఖలో చేసుకునే పద్ధతి

ఫిషింగ్ హార్బర్‌లో ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉన్న ఫైబర్ తెప్పని ఒకసారి దగ్గరగా చూడండి. రంగు వెలిసినా ఒళ్లు చెక్కుచెదరదు. బోల్టు దిగిన చోట మాత్రం ఎర్రటి చార కారి ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్ (తేలికపాటి ఎరని లైను బరువుతోనే విసిరే గేలపు కర్ర) సంగతీ అంతే. గాజు తుప్పు పట్టదు. పాడయ్యేదల్లా దానికి మనం తగిలించే గైడ్లు (లైను దూరే ఉంగరాలు), రీల్ సీటు (రీలుని బిగించే చోటు). పాడుచేసేది వాటి కింద దూరి కూర్చునే ఉప్పునీరు. అందుకని ఇక్కడ బ్లాంక్ (ఏమీ తగిలించని ఉత్త గొట్టం) కంటే అతుకుల గురించే ఎక్కువ చెప్తాం.

ఏ సైజు రాడ్

భీమిలి దగ్గర గోస్తని మొగలోనో, యారాడ రాళ్ల మీద నుంచో పండుగప్పకీ పార చేపలకీ గేలం వేయాలంటే 8 వెయిట్ కావాలి. మేఘాద్రి గెడ్డ లాంటి మంచినీళ్లలో చిన్న చేపలకు 5 వెయిట్ చాలు. ఈ అంకె రాడ్ బరువు కాదు, లైను బరువు. 8 వెయిట్ లైను మొదటి 30 అడుగులు 210 గ్రెయిన్లు, అంటే 13.6 గ్రాములు తూగుతుంది. 5 వెయిట్ అయితే 140 గ్రెయిన్లు, 9.1 గ్రాములు.

పొడవు 8 అడుగుల దగ్గర ఆపండి. ఫైబర్‌గ్లాస్‌లో మామూలు రకమైన ఇ-గ్లాస్ బిగువు 72 గిగాపాస్కల్స్ ఉంటే, ఇంకా బిగువైన ఎస్-గ్లాస్‌ది 86 పైమాట. రాడ్లలో వాడే మామూలు కార్బన్‌ది 230. పైగా గాజు సాంద్రత 2.5, కార్బన్‌ది 1.8. అంత మెత్తనిదాన్ని బిగువుగా చేయాలంటే గోడ మందం పెంచాలి, దాంతో బరువు పెరుగుతుంది. ఎనిమిదిన్నర అడుగులు దాటిన గాజు రాడ్ కొన దగ్గర బరువెక్కి, గంటలో మణికట్టు పీకేస్తుంది. ఆ హద్దు లోపల ఉంచితే మాత్రం గాజుదే సుఖం. నిదానంగా, మొదలు దాకా వంగుతుంది. ముప్పై నలభై అడుగుల విసుర్లకు హాయిగా ఉంటుంది. రాతికి తగిలినా కార్బన్‌లా పటుక్కున పోదు. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురైతే మాత్రం కార్బన్‌తో పోటీ పడలేదు, పొద్దున్నే వెళ్లండి.

బ్లాంక్

మొదటి రాడ్‌కి బ్లాంక్ కొనుక్కోమనే చెప్తాం. ఇక్కడ పడవలు కట్టేచోట రెజిన్, మ్యాట్ చవకగా దొరుకుతాయి కదా, మనమే చుట్టేద్దాం అనిపిస్తుంది. ఆ మ్యాట్ పనికిరాదు. అందులో పీచు ముక్కలు ముక్కలుగా అన్ని దిక్కులకీ పడి ఉంటుంది. రాడ్‌కి కావలసింది నూటికి ఎనభై తొంభై పాళ్లు పొడవునా పరుగెత్తే పోగు, గొట్టం నొక్కుకుపోకుండా పట్టే కొద్దిపాటి అడ్డపోగు. మ్యాట్‌తో చుట్టింది బరువెక్కువ, బలం తక్కువ. తిరిగి నిటారుగా లేవడానికి బద్ధకిస్తుంది.

చుట్టే తీరాలనుకుంటే పద్ధతి ఇది. ఆటోనగర్‌లో లేత్ మీద సన్నగా కోసుపోయే ఉక్కు మ్యాండ్రిల్ (గుడ్డ చుట్టడానికి అచ్చుగా పనికొచ్చే కడ్డీ) తిప్పించుకుని నునుపుగా పాలిష్ పెట్టించాలి. దానికి మైనం లాంటి విడుదల పూత పూసి, ఒకవైపే పోగున్న గుడ్డని పొడవాటి జెండా ఆకారంలో కత్తిరించి, రెజిన్ పట్టించి బిగువుగా చుట్టాలి. పైన కుంచించుకునే టేపు చుట్టి, నిలువుగా వేలాడదీసి వేడి పెట్టాలి. ముందే రెజిన్ పట్టిన గుడ్డ అయితే సుమారు 120 డిగ్రీల్లో గంట పైన. చల్లారాక మ్యాండ్రిల్ లాగేసి టేపు ఒలిచేయాలి. మొదటి మూడు నాలుగు చెత్తబుట్టలోకే పోతాయని అనుకునే దిగండి. పడవల పాలియెస్టర్ రెజిన్ వాడేటప్పుడు ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ గట్టిపరిచే పెరాక్సైడ్ ద్రవాన్నీ ఎప్పుడూ నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందు ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

కొన్న బ్లాంక్ చేతికి రాగానే జాయింటు చూడండి. గట్టిగా తొడిగాక కూడా లోపలి ముక్క మెడ దగ్గర 6 నుంచి 12 మిల్లీమీటర్లు బయటికి కనిపించాలి. ఇది లోపం కాదు. వాడేకొద్దీ అరిగి లోపలికి పోతుంది, ఆ అరుగుదలకి ఉంచిన చోటు. ఇప్పుడే పూర్తిగా దిగిపోయిందంటే ఏడాది తిరిగేసరికి కొనముక్క లైనుతో పాటు నీళ్లలోకి ఎగురుతుంది.

తర్వాత వెన్ను. గుడ్డ అంచు మీద అంచు పడినచోట బ్లాంక్ ఒక పక్క కొంచెం గట్టిగా ఉంటుంది. మొదలు నేల మీద ఆనించి, కొనను అరచేత్తో పట్టి, మధ్యలో వేలితో నొక్కుతూ దొర్లించండి. ఒకచోట టక్కున తిరిగి ఆగుతుంది. ప్రతి ముక్కకీ విడిగా గుర్తు పెట్టుకోండి. అయితే గాజు బ్లాంకులు కొన్ని పుట్టుకతోనే కాస్త వంకరగా వస్తాయి. అప్పుడు వెన్నుని పక్కనపెట్టి వంకరనే చూడండి, అది పైకో కిందికో ఉండాలి గాని పక్కకి ఉండకూడదు. వెన్ను తప్పితే చేతికి తెలియడం అరుదు. పక్కవంకర కంటికి రోజూ తెలుస్తుంది.

బ్లాంక్ కోయాల్సి వస్తే కోసేచోట టేపు బిగించి చుట్టి, అంగుళానికి 32 పళ్ల హాక్సా బ్లేడుతో తడిపి కోయండి, మాస్కు పెట్టుకోండి. గాజుపొడి ఒంటి మీద పడితే చన్నీళ్లతో కడగాలి గాని తువ్వాలుతో రుద్దకూడదు.

పిడి

ఏడు అంగుళాల పిడికి అర అంగుళం మందం కార్క్ బిళ్లలు 14 కావాలి. కార్క్ ఓక్ చెట్టు బెరడు మన దగ్గర పండేది కాదు, ప్రపంచానికి సగం దాకా పోర్చుగల్ నుంచే వస్తుంది. కాబట్టి నాణ్యత చూసి నాలుగు ఎక్కువే తెప్పించుకోండి. గుంటలు తక్కువున్న బిళ్లలు బొటనవేలు ఆనే చివర, మిగతావి మధ్యలో.

బిళ్లకి పావు అంగుళం రంధ్రం ఉంటుంది. దానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం6 మరల కడ్డీ సరిపోతుంది. కడ్డీకి ముందు కొవ్వొత్తి మైనం బాగా పట్టించండి, లేకపోతే పిడీ కడ్డీ ఒకటైపోతాయి. బిళ్లల ముఖాలకి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పల్చగా రాసి, రెండు చివర్లా వాషర్, నట్టు వేసి బిగించండి. జిగురు కొద్దిగా చెమర్చితే చాలు. ఇంకా బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి అతుకు ఎండిపోతుంది. తెల్లటి వడ్రంగి జిగురు వాడొద్దు, నానితే వదిలేస్తుంది.

మర్నాడు అదే కడ్డీని డ్రిల్లుకి తగిలించి 80, 120, 220, 400 వరసలో సాండ్ పేపర్ పెట్టండి. 80తో కావలసిన లావుకి ఒక మిల్లీమీటరు ముందే ఆగాలి. కార్క్ అరిగే వేగం మొదటిసారి చేసేవాళ్లకి అంతుపట్టదు. రాలిన పొడిని దాచి, జిగురుతో కలిపి గుంటల్లో పూడ్చండి. ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఇక్కడి గాలిలో బూజు కట్టేది ఆ గుంటల్లోనే.

లోపలి రంధ్రాన్ని బ్లాంక్ కోసుకి తగ్గట్టు పెంచడానికి పాత రాడ్ ముక్క మీద 80 నంబరు పేపరు అంటించి తిప్పండి. పిడిని బ్లాంక్ కొన వైపు నుంచి కిందికి జార్చాలి. తన చోటికి ఇంకా అంగుళం దూరం ఉండగానే బిగుసుకోవాలి. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా పెంచాలి.

రీల్ సీటు, దాని మరలు

8 వెయిట్‌కి చెక్క సీటు వద్దు. 6061 అల్యూమినియం గొట్టం సీటు, కింది నుంచి పైకి బిగించే రకం, రెండు నట్లు, చివర అంగుళం నుంచి ఒకటిన్నర అంగుళం మడమ పిడి. చేపతో పెనుగులాడేటప్పుడు కడుపుకి ఆనేది అదే, ఇసుకలో నిలబెడితే రీలుని కాపాడేదీ అదే.

లేత్ పనివాడి దగ్గరికి మీ రీలు పట్టుకెళ్లండి. రీలు పాదాల పొడవూ మందమూ కంపెనీకో రకం, కొలతలు చెప్తే చాలదు. మరల పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) ఒకటిన్నర మిల్లీమీటర్లకి తగ్గొద్దు, మర శిఖరం పదునుగా కాకుండా కాస్త మొండిగా ఉండాలి. సన్నటి మరలో ఒక్క ఇసుక రేణువు పడితే నట్టు అక్కడే ఆగిపోతుంది.

అనోడైజింగ్ (అల్యూమినియం మీద కరెంటుతో ఆక్సైడ్ పూత పెంచడం) చేయించేటట్టయితే ఒక లెక్క ముందే చెప్పాలి. 25 మైక్రాన్ల పూతలో దాదాపు సగం లోహం లోపలికి, సగం బయటికి పెరుగుతుంది. 60 డిగ్రీల మరలో ఆ పన్నెండున్నర మైక్రాన్లు పిచ్ వ్యాసం (మర ఎత్తుకి మధ్యలో కొలిచే వ్యాసం) మీదికి వచ్చేసరికి నాలుగింతలై 50 అవుతాయి. నట్టు లోపలా అంతే బిగుస్తుంది. రెండూ కలిపి 0.1 మిల్లీమీటరు. పూతకి ముందు సరిగ్గా తిరిగిన నట్టు పూత అయ్యాక ఎక్కకపోవడానికి కారణం ఇదే. 0.15 వదులు ఉంచమనండి.

అల్యూమినియం సీటులో స్టెయిన్‌లెస్ ఉంగరం పెడితే, ఉప్పుతడిలో రెండు లోహాల మధ్య కరెంటు పుట్టి అల్యూమినియమే తినేసుకుపోతుంది. తెల్లటి పొడి రాలిందంటే అదే. మధ్యలో నైలాన్ వాషర్ వేయండి. ఇత్తడి నట్టు అందంగానే ఉంటుంది గాని, ఉప్పునీళ్లలో అందులోని జింకు కరిగిపోయి ఎర్రటి బోలు రాగి మిగులుతుంది.

5 వెయిట్ మంచినీటి రాడ్‌కి మాత్రం చెక్క పెట్టుకోండి. మన పక్కనే ఏటికొప్పాక ఉండగా రోజ్‌వుడ్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. బొమ్మలకి వాడే అంకుడు కర్ర లేత్ మీద వెన్నలా తిరుగుతుంది. తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి రంగు పట్టేస్తుంది, మొగలి ఆకుతో మెరుగు వస్తుంది. గుర్తుంచుకోవలసినవి రెండు. అంకుడు మెత్తని కర్ర కాబట్టి రీలు పాదం ఆనే గాడి అడుగున పల్చటి ఎపాక్సీ తాగించాలి. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది. ఎండలో మూసి ఉంచిన కారులో రాడ్ వదలొద్దు, సీటుని స్పిరిట్ గుడ్డతో తుడవొద్దు.

బ్లాంక్ మొదలు 11 మిల్లీమీటర్లు, సీటు లోపల 16 ఉందనుకోండి. ఆ ఖాళీని చాలామంది మాస్కింగ్ టేపు చుట్టి నింపుతారు. కాగితం నీళ్లు పీలుస్తుంది, రెండో ఏడు సీటు గిర్రున తిరుగుతుంది. పడవల వాళ్ల దగ్గర దొరికే అంగుళం వెడల్పు నేసిన గాజు పట్టీని ఎపాక్సీలో ముంచి మూడుచోట్ల చుట్టండి. గట్టిపడ్డాక సీటు సులువుగా జారేంత వరకు ఆకురాయితో అరగదీయండి. తర్వాత ఖాళీలన్నిటినీ ఎపాక్సీతో నింపి తొడగండి. సీటు గాడి గైడ్ల వరసకి సూటిగా ఉందో లేదో రీలు పెట్టి చూసుకోవాల్సింది జిగురు తడిగా ఉండగానే.

పిడి ముందు వచ్చే చిన్న ఉంగరాన్ని (వైండింగ్ చెక్) గైడ్లు కట్టకముందే కొన నుంచి జార్చి పెట్టుకోండి. మరిచిపోతే కట్టిన గైడ్లన్నీ కోసేయడం తప్ప దారి లేదు.

గైడ్లు

లెక్క సులువు: అడుగుకొకటి, పైన కొన గైడు. 8 అడుగులకి ఎనిమిదీ, ఒకటీ. మొదలు వైపు రింగు గైడ్లు రెండు, 16, 12 సైజులు. పైన పాము గైడ్లు (పాములా మెలితిప్పిన తీగవి) ఆరు, 4తో మొదలుపెట్టి 3, 3, తర్వాత 2లు. కొన నుంచి అంగుళాల్లో: 5, 10¾, 17¼, 24¾, 33¼, 43, 54, 66½. ఇది ఆరంభం మాత్రమే. మూడు ముక్కల రాడ్‌లో 33¼ దగ్గరది జాయింటు పక్కకే వచ్చి పడుతుంది, దాని పాదానికి చోటు చాలదు. 34½కి జరపండి.

పాత సైకిల్ ట్యూబుని సన్నటి ఉంగరాలుగా కత్తిరించి గైడ్లని వాటితో నిలబెట్టి, లైను దూర్చి, కొనకి బరువు కట్టి రాడ్‌ని వంచండి. లైను రాడ్ వంపుని అనుసరించాలి. రెండు గైడ్ల మధ్య లైను వంపు వదిలి తిన్నగా అడ్డం పడితే అక్కడ దూరం ఎక్కువ.

ఉప్పునీటికి 316 స్టెయిన్‌లెస్ లేదా టైటానియం. అయస్కాంతం పెట్టి చూసి రకం తేల్చేవాళ్లున్నారు. అది నమ్మొద్దు. 304, 316 రెండూ మామూలుగా అంటుకోవు, తీగగా లాగిన 304 కాస్త అంటుకుంటుంది, అంతే. హుక్ తగిలించే చిన్న కొక్కెం మీరే చేసుకోవచ్చు. వెల్డింగ్ సామాన్ల షాపులో 316ఎల్ టిగ్ ఫిల్లర్ కడ్డీ 1.6 మిల్లీమీటర్లది ఒక్కటి కొంటే పది కొక్కేలవుతాయి.

గైడు పాదాలని కత్తి అంచులా పల్చగా అరగదీయాలి, లేకపోతే దారం పాదం ఎక్కేచోట ఖాళీ పడుతుంది. మామూలు ఇనుము అరగదీసిన చక్రం మీద మాత్రం వద్దు. ఇనుప రజను స్టెయిన్‌లెస్‌లోకి దిగి, వారంలో ఎర్రచుక్కలు తేలుతాయి, 316 కొన్నా ఫలితం ఉండదు. కొత్త ఆకురాయి దానికే విడిగా ఉంచండి. అడుగున మిగిలిన బొడిపెని గోటికి తగలనంతగా తీసేయండి, బ్లాంక్‌ని కోసేది అదే. చేతితో చేసిన స్టెయిన్‌లెస్ ముక్కల్ని లీటరు నీటికి 80 గ్రాముల నిమ్మఉప్పు కలిపి, 60 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి కడిగితే పైన ఉన్న ఇనుప రజను పోతుంది. అల్యూమినియం, ఇత్తడి ఇందులో వేయకూడదు.

దారం

రాడ్‌కి అమ్మే నైలాన్, ఎ సైజు. కుట్టుదారమూ అలాగే ఉంటుందని కొందరు దర్జీ షాపు పాలియెస్టర్ తెచ్చుకుంటారు. దానికి సూదిలో జారడానికి మైనమో సిలికానో పట్టించి ఉంటుంది, ఎపాక్సీ అంటదు. నూలుదారం మచ్చలు పడుతుంది.

పాదానికి 3 మిల్లీమీటర్ల ముందు మొదలుపెట్టి, దారం కొన మీదుగా ఏడెనిమిది చుట్లు వేసి, మిగిలింది కోసి, పాదం మీదికి ఎక్కండి. చివరి ఏడెనిమిది చుట్ల కింద ఒక దారపు ఉచ్చు పెట్టి, కొసని అందులోంచి లాగేయాలి. పెన్ను మూత వెనకవైపుతో రుద్దితే సందులు మూసుకుంటాయి. కట్టిన గైడుని బొటనవేలితో నొక్కితే కొద్దిగా కదలాలి. ఇనుములా బిగిస్తే కొన దగ్గర పల్చటి గాజుగోడ మీద పాదం అచ్చు దిగి, ఒకరోజు అక్కడే విరుగుతుంది. రింగు గైడ్ల కింద ముందు ఒక వరస దారం వేసి దాని మీద పాదం పెడితే లోహం గాజుకి నేరుగా తగలదు. జాయింటు ఆడముక్క నోటికి ఒకటిన్నర సెంటీమీటర్ల కట్టు తప్పనిసరి. అది లేకపోతే నోరు చీలుతుంది.

ఎపాక్సీ పూత

ఇక్కడ ఎక్కువగా చెడేది ఈ దశలోనే. తప్పు చేతిది కాదు, గాలిది. గట్టిపరిచే ద్రవంలోని అమైన్ తడితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి పైన తెల్లటి జిడ్డుపొర కడుతుంది. అది కనిపిస్తే స్పిరిట్‌తో తుడవకండి, పరుచుకుపోతుంది. మామూలు నీళ్లూ స్క్రబ్బరూ చాలు, కరిగి పోతుంది. ఆరాక సన్నగా గరుకు చేసి రెండో పూత వేయండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పని హాయి. మిగతా నెలల్లో తలుపులు మూసి గంట ముందే ఏసీ వేసి, రాడ్‌నీ ఎపాక్సీనీ ఆ గదిలోనే ఉంచండి. పూత అవగానే వరండాలోకి తెస్తే చల్లటి రాడ్ మీద తేమ చెమటలా పడుతుంది. గట్టిపడే దాకా ఏసీ గదిలోనే ఉండాలి.

రెండు ద్రవాలు సమపాళ్లు, ఒక్కోటి 3 మిల్లీలీటర్లకి తగ్గకుండా, సిరంజితో కొలవండి. తక్కువ తీస్తే చుక్క తేడాకే జిగటగా మిగిలిపోతుంది. రబ్బరు ముషలకం ఉన్న మందుల సిరంజిలో సిలికాన్ నూనె ఉంటుంది, పూతలో చేపకళ్లలాంటి గుంటలు పడేది దానివల్లే. రబ్బరు లేని రకం అడగండి. మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా కలిపి, అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగా పోయండి. కప్పులో ముద్దగా ఉంటే తన వేడికి తానే ఉడికి గట్టిపడుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపు. డబ్బా మీద రాసిన సమయం మన మే నెలకి వర్తించదు.

మొదటి పూత పల్చన. దీని పని మెరుపు కాదు. గైడు పాదానికి రెండు పక్కలా, దారం కింద, సన్నటి సొరంగాలుంటాయి. ఉప్పునీరు కాపురం ఉండేది అక్కడే. గైడు వైపు తెరిచి ఉన్న సొరంగం నోటి దగ్గర చుక్క పెట్టి, స్పిరిట్ దీపాన్ని కిందగా దూరంలో ఒక్క క్షణం తిప్పితే లోపలికి పీల్చుకుంటుంది. అవతలి చివర తడి మెరిసేదాకా ఆగండి. ఐదు నిమిషాలయ్యాక మిగులుని కుంచెతో తీసేయండి. మర్నాడు రెండో పూత, ఇది కాస్త నిండుగా, దారం అంచు దాటి బ్లాంక్ మీదికి ఒక మిల్లీమీటరు.

రాడ్ తిరుగుతూ ఉండాలి, నాలుగైదు గంటలు. పాడైన మైక్రోవేవ్ పళ్లెం మోటారు నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, సరిపోతుంది. అది 220 వోల్టులదో 21 వోల్టులదో చీటీ చూసి కనెక్షన్ ఇవ్వండి. కరెంటు పోతే మొదటి గంట రెండు నిమిషాలకోసారి చేత్తో సగం చుట్టు తిప్పాలి.

కొన గైడుని మాత్రం ఎపాక్సీతో అంటించకండి. వేడికి కరిగే జిగురు కడ్డీతో పెట్టండి. విరిగేది అదే మొదట, దీపం చూపి మార్చుకోవచ్చు.

వాడటం మొదలుపెట్టాక

వారం రోజులు గట్టిపడనిచ్చి నీళ్లలోకి తీసుకెళ్లండి. జాయింటుకి కొవ్వొత్తి మైనం గీయండి. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ రీలు తీసి, రెండు నట్లూ కిందిదాకా వదులు చేసి, మంచినీళ్లతో కడిగి, ముక్కలు విడివిడిగా నీడలో ఆరాకే సంచిలో పెట్టండి. నెలకోసారి గైడు పాదాలని వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడండి. దారం కింద గోధుమరంగు గీత కనిపిస్తే సొరంగంలోకి నీరు చేరిందని అర్థం. పైన మళ్లీ పూత వేస్తే నీటిని లోపలే బంధించినట్టవుతుంది. ఆ ఒక్క కట్టునీ బ్లేడుతో పాదం పైవైపు నుంచి, బ్లాంక్ మీద ఆనకుండా కోసి, పాదం శుభ్రం చేసి కొత్తగా కట్టండి.